ఒకే మాత్ర: అమ్మకి వేరు, నాన్నకి వేరు

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్నకి 76 ఏళ్ళు, రిటైర్డ్ టీచరు. బీపీ తప్ప పెద్ద జబ్బులు లేవు. ఎప్పుడో ఒక డాక్టరు గుండెకి మంచిదని రాసిన ఆస్పిరిన్ 75 మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు. దాంతోపాటు బీపీకి ఆమ్లోడిపిన్, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, గ్యాస్‌కి పాంటోప్రజోల్, రాత్రి నిద్రకి ఆల్ప్రజోలం ఉన్నాయి. ఈ మధ్య రాత్రుళ్ళు బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలుతున్నారు. అమ్మకి 71, సుగరు ఉంది, రెండేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు. తనూ ఆస్పిరిన్ వాడుతుంది. డాలస్‌లో ఉండే మా అన్నయ్య ఫోన్ చేసి, 70 దాటినవాళ్ళకి ఆస్పిరిన్ మంచిది కాదని పరిశోధనల్లో తేలిందట, ఇద్దరికీ ఆపెయ్యమన్నాడు. నాలుగు రోజుల నుంచి ఆపేశాను. నాన్న బీపీ 120 లోపు ఉండాలని కూడా అంటున్నాడు. పక్కింటి వాళ్ళేమో ఈ వయసులో 150 మామూలే, వయసుకి వంద కలుపుకోవాలి అంటారు. మతిమరుపు రాకుండా ఇద్దరికీ సర్పి (షింగిల్స్) టీకా వేయించమని అన్నయ్య ఇంకో మాట. నాకు రోజూ టెన్షనే. ఎవరి మాట వినాలి?

సమాధానం:

అమ్మా, ముందు మీ అమ్మగారి సంగతి. ఆమె ఆస్పిరిన్ ఆపకూడదు. మీ ఉత్తరం చదవగానే ఈ మాట మీకు విడిగా రాసి పంపాను. అది ఇంకా మీ కంట పడకపోతే ఇది చదవడం ఇక్కడే ఆపి, స్టెంట్ వేసిన డాక్టరుకి గానీ ఆ ఆసుపత్రికి గానీ ఫోన్ చేసి, నాలుగు రోజులుగా ఆస్పిరిన్ వేసుకోవడం లేదని చెప్పండి. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో వాళ్ళు చెబుతారు. ఈలోగా ఛాతీలో బరువు, నొప్పి, చేతిలోకో దవడలోకో లాగడం, చెమటలు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లతో పొద్దు పుచ్చకుండా 108కి కాల్ చేయండి. సుగరు ఉన్నవాళ్ళకి నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు. అందుకని ఉత్త ఆయాసమే కదా అని ఊరుకోవద్దు.

స్టెంట్ అంటే మూసుకుపోతున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి పెట్టిన లోహపు జాలీ గొట్టం. రక్తంలోని ప్లేట్‌లెట్లు అక్కడ గుమిగూడి గడ్డకడితే ఆ నాళం ఉన్నట్టుండి మూసుకుపోతుంది. దాన్ని ఆపడానికే స్టెంట్ వేసిన కొత్తలో కొన్ని నెలలు రెండు మందులు, ఆ తర్వాత కనీసం ఒకటి జీవితాంతం వాడమంటారు. ఆ ఒకటి ఆస్పిరిన్ కావచ్చు, కొందరికి దాని బదులు క్లోపిడోగ్రెల్ ఉంచుతారు. ఏదో ఒకటి మాత్రం ఉండి తీరాలి. మార్చాలన్నా కార్డియాలజిస్టే మార్చాలి.

మీ అన్నయ్య చదివింది అబద్ధం కాదు. ఆయన చెబుతున్నది ఆస్ప్రీ అనే పరిశోధన గురించి అయ్యుంటుంది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికా వాళ్ళతో కలిసి చేశారు. 2010 నుంచి 2014 దాకా 19,114 మందిని చేర్చుకున్నారు, అందులో 16,703 మంది ఆస్ట్రేలియా వాళ్ళే. దాదాపు అందరూ 70 నిండినవాళ్ళు. అమెరికాలోని నల్లజాతీయులు, హిస్పానిక్ కుటుంబాల వాళ్ళు మాత్రం 65 నుంచి చేరారు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే, మందు లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది వెళుతోందో వేసుకునేవాళ్ళకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు. నాలుగున్నరేళ్ళకి పైగా గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు.

ఆ పరిశోధకులు వేసుకున్న ప్రశ్న నాకు చాలా నచ్చింది. గుండెపోటు తగ్గిందా లేదా అన్న దగ్గర ఆగలేదు. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళు మతిమరుపు జబ్బు రాకుండా, మంచాన పడకుండా, తమ పనులు తాము చేసుకుంటూ ఎక్కువ కాలం బతికారా అని చూశారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దేవుణ్ణి అడిగేది కూడా అదే కదా. తేడా ఏమీ కనిపించలేదు. చావో, మతిమరుపో, మంచాన పడడమో, ఏదో ఒకటి జరిగినవాళ్ళు ఏటా వెయ్యి మందికి 21 మంది చొప్పున రెండు వైపులా ఇంచుమించు సమానంగానే ఉన్నారు. గుండె జబ్బులూ పక్షవాతమూ కూడా చెప్పుకోదగ్గంత తగ్గలేదు. తగ్గకపోగా కడుపులోనో, పేగుల్లోనో, మెదడులోనో పెద్ద రక్తస్రావం అయినవాళ్ళు మందు లేని మాత్ర వేసుకున్నవాళ్ళలో 265 మంది ఉంటే, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో 361 మంది ఉన్నారు. అదే జనం వివరాలని ఇంకా లోతుగా చూసి 2023లో మరో సంగతి చెప్పారు: ఆస్పిరిన్ వాడినవాళ్ళలో రక్తహీనత కూడా ఐదో వంతు ఎక్కువట.

ఇక్కడ మీ అన్నయ్య ఒక్క మెట్టు దాటేశాడు. ఆ పరిశోధనలో చేరాలంటే ఒక షరతు ఉంది: అప్పటికి గుండె జబ్బు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉండకూడదు. మీ అమ్మగారు అక్కడికి వెళ్ళి చేరతానన్నా చేర్చుకునేవారు కాదు. అలాంటప్పుడు ఆ ఫలితం తెచ్చి ఆమెకి ఎలా వర్తింపజేస్తాం? ఏ పరిశోధన వార్త మీ ఫోన్‌లోకి వచ్చినా ముందు ఈ ఒక్కటి అడగండి: అందులో ఉన్నవాళ్ళు ఎవరు, మా ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరు? మీరు అడిగిన మిగతావాటికి కూడా నేను ఇదే ప్రశ్న పట్టుకుని జవాబు చెబుతాను.

మీ నాన్నగారు మాత్రం ఆ పరిశోధనలో చేరినవాళ్ళలాంటి మనిషే. 70 దాటారు, గుండె జబ్బు లేదు, పక్షవాతం రాలేదు. అమెరికాలో నివారణ వైద్యం మీద సలహాలిచ్చే, ప్రభుత్వం ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం 2022లో, గుండె జబ్బు లేనివాళ్ళకి 60 దాటాక కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దని చెప్పింది. ఎప్పటినుంచో వాడుతున్నవాళ్ళయితే 75 ప్రాంతంలో ఆపే ఆలోచన చేయవచ్చంది. అక్కడి వృద్ధుల వైద్య నిపుణుల సొసైటీ కూడా 2023లో ఇదే ధోరణిలో రాసింది. కాబట్టి నాన్నగారి విషయంలో అన్నయ్య మాటలో న్యాయం ఉంది. నాలుగు రోజులు ఆగిందని గాభరా పడకండి, డాక్టరుకి మాత్రం చెప్పండి.

అయితే ఆ మాత్రని పూర్తిగా మానేసే ముందు ఒక పని చేయాలి. ఇంట్లో పాత ఫైళ్ళు ఉంటాయి కదా, వాటిని తీసి ఆ మాత్ర మొదట ఎందుకు రాశారో చూడండి. నాన్నగారిని కూర్చోబెట్టి అడగండి. ఎప్పుడైనా మూతి వంకరపోయి, మాట తడబడి, గంటా రెండు గంటల్లో దానంతటదే సర్దుకుందా? కాలి రక్తనాళాల్లో అడ్డంకి ఉందని, గుండె లయ తప్పుతోందని ఎవరైనా అన్నారా? ఇలాంటివి మన పెద్దవాళ్ళు జబ్బుల లెక్కలో వేసుకోరు. తగ్గిపోయింది కదా అని మర్చిపోతారు. కానీ అలాంటిది ఒక్కటి ఉన్నా ఆయన ఆస్ప్రీలో చేరినవాళ్ళలాంటి మనిషి కాడు, అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ పరిశోధనలో ఎక్కువమంది ఆస్ట్రేలియాలోని తెల్లవాళ్ళు. మన దక్షిణాసియా వాళ్ళకి గుండెపోటు కొన్నేళ్ళు ముందుగానే వస్తుంది. అందువల్ల మన దగ్గర కొందరు డాక్టర్లు, ముప్పు ఎక్కువ అనుకున్న మనిషికి ఆస్పిరిన్ కొనసాగిస్తారు. మీ డాక్టరు అలా అంటే కారణం అడగండి. కారణం చెప్పి ఉంచితే సరే. అలవాటుగా వస్తోంది, ఉండనివ్వండి అంటే మాత్రం 76 ఏళ్ళ మనిషికి అది చాలదు, అందులోనూ రాత్రి తూలుతున్న మనిషికి. పడి తలకి దెబ్బ తగిలితే ఆస్పిరిన్ వాడే శరీరంలో రక్తం తొందరగా ఆగదు.

గ్యాస్ మాత్ర గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. చాలామందికి పాంటోప్రజోల్ వచ్చిందే ఆస్పిరిన్ కడుపుని కోయకుండా. నాన్నగారికి ఆస్పిరిన్ ఆగిపోతే, ఆయనకి ఆ గ్యాస్ మాత్ర ఇంకా ఎందుకో అడగండి. అక్కర్లేదంటే ఒకటి తగ్గుతుంది. అదే మాత్ర అమ్మగారికి రాసి ఉంటే మాత్రం అలాగే ఉండనివ్వండి, ఆమెకి అది కాపలా. ఇంకో మాట. మోకాళ్ళ నొప్పులని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ లాంటివి తెచ్చుకోవడం మన దగ్గర ప్రతి ఇంట్లో ఉంది. ఆస్పిరిన్ వాడుతూ వాటిని మింగితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. సుగరు, బీపీ ఉన్నవాళ్ళకి కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఇబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ చేసే పనికే అడ్డుపడవచ్చు. అమ్మగారికి ఆ అలవాటు ఉంటే ఆమె డాక్టరుకి చెప్పి వేరే దారి చూడండి. విరేచనం తారులా నల్లగా అవుతుంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు బీపీ. వయసుకి వంద కలుపుకోమనే లెక్క మన పెద్దల నోట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఒకప్పుడు డాక్టర్లలో కూడా చాలామందికి 80 దాటినవాళ్ళ బీపీ తగ్గించాలా వద్దా అన్న సందేహం ఉండేది. ఆ సందేహం తీర్చినది 2008లో వచ్చిన హైవెట్ పరిశోధన. 80, అంతకు పైబడిన 3,845 మందిని తీసుకున్నారు, అందరికీ పై నంబరు 160 లేక అంతకంటే ఎక్కువ. మందులిచ్చి 150కి తేవాలని చూశారు. అన్ని కారణాల వల్లా కలిగే మరణాలు 21 శాతం తగ్గాయి, గుండె బలహీనపడి నీరు చేరే జబ్బు మూడింట రెండొంతుల దాకా తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో గడువుకి ముందే ఆపేశారు. వయసుకి వంద కలపమనే లెక్క ప్రకారం వాళ్ళలో చాలామంది బీపీకి మందే అక్కర్లేదు. కాబట్టి పక్కింటివాళ్ళ మాట పక్కన పెట్టేయండి.

అన్నయ్య చెప్పిన 120 ఎక్కడిదంటే, అమెరికాలో స్ప్రింట్ అని జరిగింది, 2015లో ఫలితాలొచ్చాయి. 9,361 మంది. ఒక గుంపుకి 140 లోపు, ఇంకో గుంపుకి 120 లోపు లక్ష్యం. వాళ్ళలో 75 నిండినవాళ్ళే 2,636 మంది ఉన్నారు, వాళ్ళ ఫలితాలు మరుసటి ఏడాది విడిగా ప్రచురించారు. 120 లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో గుండెపోటు, పక్షవాతం లాంటివి మూడో వంతు తక్కువ. మరణాలు 107కి బదులు 73. చిన్న తేడా కాదిది. చైనాలో 60 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 8,511 మందితో చేసి 2021లో ప్రకటించిన స్టెప్ అనే పరిశోధనలో కూడా, 130 లోపు ఉంచినవాళ్ళకి గుండె జబ్బులు, పక్షవాతం తగ్గాయి.

అయితే 120 అనే ఆ నంబరు ఎలా కొలిచారో చాలామంది చెప్పరు. స్ప్రింట్‌లో మనిషిని ప్రశాంతంగా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మాట్లాడించకుండా, మెషీన్‌తో మూడుసార్లు తీసి సగటు వేశారు. చాలాచోట్ల ఆ సమయంలో గదిలో నర్సు కూడా లేదు. మన క్లినిక్‌లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆటోలో వచ్చి, మెట్లెక్కి, టోకెన్ కోసం నిలబడి, పేరు పిలవగానే గబగబా లోపలికి వెళితే చొక్కా చెయ్యి పైకి నెట్టి పట్టీ బిగిస్తారు. అక్కడ 150 వచ్చిన మనిషికి స్ప్రింట్ పద్ధతిలో తీస్తే అంతకంటే బాగా తక్కువే రావచ్చు. క్లినిక్ నంబరు చూసి 120కి దించాలని మందు పెంచుకుంటూ పోతే మీ నాన్నగారు పడిపోయే ప్రమాదం నిజంగానే ఉంది.

స్ప్రింట్‌లో ఎవరిని చేర్చుకోలేదో కూడా చూడండి. సుగరు ఉన్నవాళ్ళని తీసుకోలేదు, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళని తీసుకోలేదు. ఒక నిమిషం నిలబెట్టి చూస్తే పై నంబరు 110 కంటే కిందికి పోయేవాళ్ళని కూడా తీసుకోలేదు. ఈ చివరిది మీ నాన్నగారికి చాలా ముఖ్యం. ఆయన తూలుతున్నారు అని మీరు రాసిన వాక్యం చదివాక, ఆయన బీపీ ఎంత అన్నదానికంటే నిలబడితే ఎంత అన్నదే నాకు ముందు తెలియాలనిపించింది. ఒక వారం ఇలా చేయండి. పై చేతికి పట్టీ కట్టే మెషీన్ కొనండి, మణికట్టుకి కట్టేది వద్దు. పొద్దున టీ తాగకముందు, రాత్రి పడుకునే ముందు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి తీయండి. తర్వాత ఆయన్ని నిలబెట్టి, పక్కనే మీరు పట్టుకుని ఉండి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి తీయండి. నిలబడ్డాక పై నంబరు 20 గానీ కింది నంబరు 10 గానీ పడిపోతే అది డాక్టరుకి తప్పకుండా చెప్పాల్సిన సంగతి. రాసిన కాగితం తీసుకెళ్ళండి.

ఆ తూలుడుకి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉండొచ్చు. ప్రోస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్ కొందరిలో లేచి నిలబడగానే బీపీని దించుతుంది. బీపీ మాత్ర ఉండనే ఉంది. వాటిపైన ఆల్ప్రజోలం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చూసినా తప్పు కనిపించదు, దేనికి దానికి కారణం ఉంటుంది. మూడూ కలిసి ఒకే రాత్రి ఒకే శరీరంలో ఉన్నప్పుడు, నిద్ర మధ్యలో లేచి చీకట్లో బాత్రూమ్ వైపు నడిచే మనిషికి ఏమవుతుందో ఎవరూ కలిపి చూడకపోవడమే ఇబ్బంది. బీపీ డాక్టరు ఒకరు, ప్రోస్టేట్ డాక్టరు ఇంకొకరు, నిద్ర మాత్ర మెడికల్ షాపు నుంచి ఏళ్ళుగా వస్తూ ఉంటుంది. నా మనసుకి అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్ళ మందుల సంచీ తెరిస్తే చాలాసార్లు ఈ కలయికే కనిపిస్తుంది.

వీటిలో నేను ముందు వేలు పెట్టేది నిద్ర మాత్ర మీద. ఆల్ప్రజోలం జాతి మందుల్ని 65 దాటినవాళ్ళకి వీలైనంతవరకు వాడొద్దని వృద్ధుల వైద్య నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. తూలి పడడం, ఎముకలు విరగడం, పగలు మత్తుగా ఉండడం, జ్ఞాపకం మసకబారడం వాటితో వస్తాయి. అలాగని ఈ రాత్రి నుంచే ఆపేయకండి. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఆస్పిరిన్ ఆపినంత సులువుగా దీన్ని ఆపకూడదు.

ఎలా తగ్గించాలో చూపించిన మంచి పరిశోధన ఒకటి ఉంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో చేశారు, 2014లో వచ్చింది. ఈ జాతి నిద్ర మాత్రలు ఏళ్ళుగా వాడుతున్న 303 మంది పెద్దవాళ్ళని వాళ్ళు మందులు కొనే ఫార్మసీల ద్వారా ఎంచుకున్నారు. అందులో సగం మందికి ఒక చిన్న పుస్తకం పంపారు, అంతే. ఆ మాత్ర ఈ వయసులో ఏం చేస్తుందో, దాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా ఎలా తగ్గించుకోవాలో తేలిక మాటల్లో, బొమ్మలతో రాసిన పుస్తకం. ఆరు నెలల తర్వాత చూస్తే పుస్తకం అందినవాళ్ళలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు, అందనివాళ్ళలో 5 శాతమే. పెద్దవాళ్ళకి చెప్పినా అర్థం కాదు, వినరు అనే మాట నాకు అందుకే నచ్చదు. కూర్చోబెట్టి కారణం చెబితే వాళ్ళు వింటారు. మీ నాన్నగారు టీచరు కూడా. ఆయనకి మీరు దొంగచాటుగా మాత్ర తీసేయకండి, ఆయన చేతికే పెన్ను ఇచ్చి, డాక్టరు ఇచ్చిన తగ్గింపు పట్టికలో ఆయన్నే టిక్కు పెట్టుకోమనండి. మొదటి వారాల్లో నిద్ర చెడుతుంది, అది ముందే చెప్పండి. మధ్యాహ్నం కునుకు తగ్గించడం, సాయంత్రం టీ మానడం, పడుకునే ముందు రెండు గంటల్లో నీళ్ళు తక్కువ తాగడం సాయపడతాయి.

సర్పి టీకా మాట. దీని వెనక ఉన్న పరిశోధన బ్రిటన్‌లోని వేల్స్‌లో జరిగింది, 2025 ఏప్రిల్‌లో ప్రచురించారు. వేల్స్‌లో 2013 సెప్టెంబరు 1న టీకా పథకం మొదలుపెట్టినప్పుడు, 1933 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకే అర్హత ఇచ్చారు. అంతకు ముందు పుట్టినవాళ్ళకి ఎప్పటికీ రాదు. వారం అటూ ఇటూ పుట్టినవాళ్ళ మధ్య ఆరోగ్యంలో, అలవాట్లలో తేడా ఏముంటుంది? ఈ సంగతి ఆధారంగా లెక్క చూస్తే, ఏడేళ్ళలో టీకా వేసుకున్నవాళ్ళకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఐదో వంతు దాకా తక్కువగా వచ్చింది. నాకు చాలా ఆశ కలిగించిన ఫలితమిది. కానీ అక్కడ వేసింది పాత రకం, బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. మన దేశంలో 2023 నుంచి దొరుకుతున్న షింగ్రిక్స్ అనే సర్పి టీకా వేరే పద్ధతిలో తయారవుతుంది. కాబట్టి మతిమరుపు కోసమని కాకుండా, సర్పి రాకుండా వేయించండి. సర్పి తగ్గాక కూడా కొందరికి ఆ చోట నెలల తరబడి నిప్పు పెట్టినట్టు మండుతుంది, అది తప్పించడమే మంచి కారణం. సుగరు ఉన్న అమ్మగారికి ఇంకా మంచిది. రెండు డోసులు, ఖరీదు ఎక్కువ. డబ్బు కుదిరినప్పుడు వేయించవచ్చు, ఈ నెలలోనే అన్న తొందర లేదు.

మీ ఉత్తరంలో ఎక్కడా నాన్నగారి నడక గురించి లేదు. తూలుతున్నారని కూర్చోబెట్టేశారేమో అని నా అనుమానం. అదే అయితే కాళ్ళు ఇంకా బలహీనపడతాయి. అమెరికాలో లైఫ్ అనే పరిశోధనలో 70 నుంచి 89 ఏళ్ళ మధ్యవాళ్ళు 1,635 మంది చేరారు. బాగా నడిచేవాళ్ళని కాదు, పెద్దగా కదలకుండా ఉండేవాళ్ళని, కాళ్ళలో సత్తువ తగ్గినవాళ్ళనే ఎంచుకున్నారు. ఒక గుంపుకి నడక, కాళ్ళకి బలం ఇచ్చే వ్యాయామాలు, తూలకుండా నిలబడే సాధన నేర్పారు. ఇంకో గుంపుకి ఆరోగ్య పాఠాలు చెప్పారు. రెండున్నరేళ్ళు దాటాక, 400 మీటర్లు సొంతంగా నడవలేని స్థితికి వచ్చినవాళ్ళు పాఠాల గుంపులో 35.5 శాతం, వ్యాయామం గుంపులో 30.1 శాతం. ఇందులో ఉన్నవాళ్ళు మీ నాన్నగారికి చాలా దగ్గరగా ఉన్నారు, అందుకే ఇది ధైర్యంగా చెబుతున్నాను. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, మళ్ళీ కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం, వీటితో మొదలుపెట్టొచ్చు. మొదట్లో ఒక ఫిజియోథెరపిస్టు చూపిస్తే మంచిది. నిలబడ్డప్పటి బీపీ సంగతి తేలేదాకా ఒంటరిగా వీధిలోకి పంపకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్ళండి. ఆయుర్వేదం, కాల్షియం, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ అన్నీ. వృద్ధుల వైద్యంలో ప్రత్యేకంగా చదివినవాళ్ళు అందుబాటులో లేకపోతే ఓపికగా వినే జనరల్ మెడిసిన్ డాక్టరు చాలు. ఒక్కో మాత్ర చూపించి, ఇది దేనికి, ఇంకా అవసరమా, మానేస్తే ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు అడగండి. అన్నీ ఒకేసారి మార్చమనకండి. రెండు మూడు మందులు ఒకే వారం మారితే, ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో ఎవరికీ తెలియదు.

మీ అన్నయ్యతో గొడవ పడొద్దు. అంత దూరంలో ఉండి అమ్మానాన్నలకి ఏమవుతుందో అని రాత్రుళ్ళు చదివే మనిషి ఆయన. ఆయనకి ఒక పని అప్పగించండి. మీరు డాక్టరు గదిలో ఉన్నప్పుడు వీడియో కాల్‌లో ఉండమనండి, తను చదివినవన్నీ అక్కడే డాక్టరుని అడగమనండి. ఇకమీదట మందు ఆపడం గానీ మొదలుపెట్టడం గానీ ఆ గదిలో నిర్ణయమయ్యాకే అని ఇద్దరూ ఒక మాట అనుకోండి. వారం తర్వాత నాన్నగారి బీపీ నంబర్లు, కూర్చున్నవీ నిలబడ్డవీ రెండూ నాకు రాసి పంపండి. అమ్మగారి కార్డియాలజిస్టు ఏమన్నారో కూడా రాయండి.